టోపీ తనంతట తానే దణ్ణం పెడితే

(తెనాలిలో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారి ప్రసంగానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. ఈ సభ పెట్టినవాళ్లు నాకు ఫోన్ చేసి, "ఏదైనా సైన్సు విషయం మాట్లాడండి మాస్టారూ, కాకపోతే జనం మధ్యలో లేచిపోకుండా చూడండి" అన్నారు. ముప్పై ఏళ్లు మధ్యాహ్నం రెండు గంటల క్లాసు తీసుకున్నవాణ్ణి. లేచిపోయేవాళ్లు నాకు కొత్త, కూర్చునే నిద్రపోయేవాళ్లయితే బాగా తెలుసు. (నవ్వులు)

సరే, ఒక సంగతి ఊహించుకోండి. మీ రెండు చేతుల్లో రెండు సంచులు. ఒకదాంట్లో కూరగాయలు, ఇంకోదాంట్లో ఐదు కిలోల బియ్యం. ఎదురుగా మీ వియ్యంకుడు గారు వస్తున్నారు. దణ్ణం పెట్టాలి. సంచి కింద పెడితే టమాటాలు రోడ్డు మీదికి దొర్లుతాయి. దణ్ణం పెట్టకపోతే ఆయన ఇంటికెళ్లి వాళ్లావిడతో "మీ అన్నయ్యగారి కళ్లకి మనం ఆనలేదే" అంటారు. ఏం చేస్తాం? పళ్లికిలించి, సంచులతో సహా చేతులు జానెడు పైకెత్తి, అదే దణ్ణం అనుకోమంటాం.

సరిగ్గా ఈ చిక్కుకి 1896లో అమెరికాలో ఒకాయన యంత్రం కనిపెట్టాడు. పేరు జేమ్స్ బాయిల్, ఊరు వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్. అక్కడి మర్యాద దణ్ణం కాదు, టోపీ ఎత్తడం. చేతులు ఖాళీ లేకపోతే టోపీ ఎవరు ఎత్తాలి? టోపీయే ఎత్తుకోవాలి! టోపీ లోపల గడియారంలో ఉండేలాంటి స్ప్రింగు, పళ్ల చక్రాలు, ఒక చిన్న బరువు పెట్టాడు. మీరు తల వంచగానే ఆ బరువు ముందుకు ఊగి మీటని వదిలేస్తుంది. స్ప్రింగు టోపీని పైకి లేపి, ఒక చుట్టు తిప్పి, మళ్లీ నెత్తిన కూర్చోబెడుతుంది. దీనికి అమెరికా పేటెంటు ఇచ్చారు, నంబరు 5,56,248. ఆ కాగితం చివర్లో ఇంకో మాట కూడా ఉంది. టోపీ మీద బోర్డు తగిలించుకుని రద్దీ వీధిలో నిలబడితే వ్యాపార ప్రకటనలకి కూడా పనికొస్తుందట. మర్యాద నుంచి మార్కెటింగుకి ఒక్క పేరాలో వెళ్లిపోయాడు.

నవ్వొస్తుంది కదా. కానీ మీరు ఆ కాగితం చదివితే, రాసినాయన మాత్రం ఎక్కడా నవ్వడు. బొమ్మలో ప్రతి మర సీలకీ ఒక నంబరు, ప్రతి నంబరుకీ ఒక వివరణ. నాకు ఈ పేటెంట్ల పిచ్చి పట్టింది అక్కడే. ఎంత వింత వస్తువైతే భాష అంత గంభీరంగా ఉంటుంది. రిజిస్ట్రారాఫీసు దస్తావేజులో హద్దులు రాసినట్టే, తూర్పున ఫలానావారి దొడ్డి, పడమర పంటకాలువ అన్నట్టే ఉంటుంది. నిజానికి అది దస్తావేజే. పేటెంటంటే ప్రభుత్వంతో ఒక బేరం. నీ కిటుకు దాచుకోకుండా, చదివినవాడు చేసుకోగలిగేంత వివరంగా రాసియ్యి. బదులుగా ఇన్నేళ్ల పాటు నీ అనుమతి లేకుండా ఎవరూ దాన్ని చేయకుండా, అమ్మకుండా కంచె వేసిస్తాం. ఇప్పుడు మన దేశంలో ఆ గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు.

మరి పేటెంటాఫీసు వాళ్లు ఏం చూస్తారు? ఇది కొత్తదా? ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేదా? చెప్పిన పని చేస్తుందా? అంతే. ఎవడైనా కొంటాడా అని అడగరు. నలుగురూ నవ్వుతారేమో ఆలోచించుకున్నావా అని అసలే అడగరు. మన 1970 చట్టంలో మూడో సెక్షన్ మొదటి మాటే పనికిమాలినవీ, ప్రకృతి సూత్రాలకి విరుద్ధమైనవీ ఆవిష్కరణలు కావని చెబుతుంది. కానీ పనికిమాలినది అని తేల్చేదెవరు చెప్పండి? మా ఇంట్లో అయితే ఆ అధికారం ఒకరికే ఉంది. (నవ్వులు)

మన దేశంలో ఈ కథ మొదలైంది కూడా ఒక సరదా వస్తువుతోనే. 1856లో ఇక్కడ మొదటి చట్టం వచ్చింది. ఆ ఏడాది మార్చి 3న కలకత్తాలో జార్జ్ ఆల్ఫ్రెడ్ డి పెన్నింగ్ అనే సివిల్ ఇంజినీరు మొట్టమొదటి దరఖాస్తు పెట్టాడు. దేనికో తెలుసా? పంకా లాగే యంత్రానికి. కచేరీల్లో, బంగళాల్లో పైకప్పుకి వేలాడదీసిన పెద్ద గుడ్డ పంకాని ఒక మనిషి వరండాలో కూర్చుని తాడుతో లాగుతుండేవాడు కదా, ఆ పని యంత్రంతో చేయించాలని. రైలింజనో వంతెనో కాదు, దొరగారి చెమట! అవసరం అనేది అలా ఉంటుంది. ఎవరికి ఏది ఉక్కపోతగా ఉంటే దాని మీదే బుర్ర పనిచేస్తుంది.

ప్రాణభయం మీదైతే బుర్ర ఇంకా జోరుగా పనిచేస్తుంది. 1879లో బెంజమిన్ ఒప్పెన్‌హైమర్ అనే ఆయన, టెనెస్సీ రాష్ట్రం వాడు, అగ్నిప్రమాదం నుంచి తప్పించుకునే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. సాధనం ఏమిటంటే ఒక గొడుగు టోపీ. నాలుగైదు అడుగుల వెడల్పున్న ప్యారాచూట్‌ని తోలు పట్టీతో తలకి బిగించుకోవాలి. కాళ్లకి బాగా మందపాటి మెత్తటి అడుగున్న బూట్లు. మంటలొస్తే కిటికీలోంచి దూకెయ్యండి, దెబ్బ తగలకుండా దిగుతారు అని రాశాడు. నేను మాస్టార్ని కదా, కాగితం మీద లెక్క వేశాను. ఐదడుగుల గొడుగు 70 కిలోల మనిషిని మోస్తే, చివరికి స్థిరపడే వేగం గంటకి ఇంచుమించు 80 కిలోమీటర్లు. మూడో అంతస్తు నుంచి దూకినవాడికి ఆ వేగం రాకముందే నేల వచ్చేస్తుంది. అంటే గొడుగున్నా ఒకటే, లేకున్నా ఒకటే. పైగా బరువంతా మెడ మీద. (నవ్వులు)

మెడ అంటే గుర్తొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1916లో, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఆల్బర్ట్ ప్రాట్ అనే ఆయన హెల్మెట్‌లో తుపాకీ అమర్చాడు. సైనికుడు ఎటు చూస్తే తుపాకీ అటు గురిపెడుతుంది. పేల్చడానికి నోట్లో ఒక గొట్టం, ఊదితే పేలుతుంది. చేతులు రెండూ ఖాళీ. తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ మెడ మీద పడకుండా కూడా ఏదో ఏర్పాటు రాశాడు లెండి. యుద్ధం లేనప్పుడు హెల్మెట్ పైభాగం ఊడదీసి బోర్లిస్తే వంట గిన్నె. నాకు ఆ గిన్నె ఆలోచన చాలా నచ్చింది. కానీ మధ్యాహ్నం వంటయ్యాక హెల్మెట్ పెట్టుకుని, ఆ గొట్టం నోట్లో ఉండగా తుమ్ము వస్తే మాత్రం పక్కవాడి సంగతి ఆలోచించాలి.

ఇప్పుడు చెప్పేది నవ్వుతాలు కాదు, కాసేపు నిదానంగా చెబుతాను. 1868లో న్యూజెర్సీలో నెవార్క్ ఊళ్లో ఫ్రాంజ్ వెస్టర్ అనే ఆయన ఒక శవపేటికకి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో అక్కడి జనానికి ఒక భయం ఉండేది. కలరా లాంటివి వచ్చినప్పుడు తొందరతొందరగా పూడ్చేస్తారు, మనిషి సొమ్మసిల్లి ఉంటే? గోతిలో మెలకువ వస్తే? అందుకని ఆయన పేటికలో ముఖానికి ఎదురుగా నిలువుగా ఒక గొట్టం పెట్టి నేల పైదాకా తెచ్చాడు. గొట్టంలో నిచ్చెన. మెలకువ వచ్చినవాడు నిచ్చెనెక్కి వచ్చెయ్యొచ్చు. ఎక్కే ఓపిక లేకపోతే చేతికి అందేలా తాడు, తాడుకి పైన గంట. కొన్నాళ్లు చూసి, ప్రాణం నిజంగానే పోయిందని తేలితే గొట్టం బయటికి లాగేసి, తలుపు మూసేసి, ఆ గొట్టాన్ని ఇంకొకరికి వాడుకోవచ్చు. ఈ చివరి మాట కూడా పేటెంటులోనే ఉంది.

మనకి తెలియని భయమా ఇది? మన వైపు పాడెని శ్మశానానికి తీసుకెళ్తూ దారిలో ఒకచోట దించుతారు. దగ్గరి బంధువు చెవి దగ్గర వంగి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ఆ చోటే దింపుడుకళ్లం. ఏ మూలో కొన ఊపిరి ఉందేమో, పిలిస్తే పలుకుతాడేమో అన్న ఆశ. దింపుడుకళ్లం ఆశ అని మనం రోజూ అనే మాట అందులోంచి వచ్చిందే. మా నాన్నగారిని నేనే పిలిచాను. వెస్టర్ గారి గంట గురించి చదివినప్పుడు మొదట నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను. ఆయన చేసింది కూడా పిలవడమే. కాకపోతే తాడుతో, నిచ్చెనతో, నంబర్లు వేసి.

సరే, సభ బరువెక్కింది. తేలిక చేద్దాం.

1965 నవంబరులో న్యూయార్క్‌కి చెందిన జార్జ్, షార్లెట్ బ్లాన్‌స్కీ అనే దంపతులకి ఒక పేటెంటు వచ్చింది. సులువుగా కాన్పు అయ్యే యంత్రం. గర్భిణిని ఒక గుండ్రటి బల్ల మీద, తల మధ్యకీ కాళ్లు బయటికీ వచ్చేలా పడుకోబెట్టి పట్టీలతో కట్టి, బల్లని గిరగిరా తిప్పాలి. పెరుగు చిలికితే వెన్న విడిపోయినట్టు, తిరిగే వేగానికి బిడ్డ బయటికి వచ్చేస్తుంది. (ముందు వరుసలో ఆడవాళ్ల నవ్వులు) ఆగండమ్మా, అయిపోలేదు. వచ్చిన బిడ్డ ఎగిరి గోడకి తగలకుండా వల ఉంది. బిడ్డ బరువు వలలో పడగానే మోటారు ఆగిపోతుంది. ఈ యంత్రం ఎందుకు కావాలో కూడా రాశారు. ఒళ్లొంచి పని చేసే ఆడవాళ్లకి ప్రకృతే అన్నీ ఇస్తుందట, నాగరికులకే ఈ సాయం కావాలట. ఆ దంపతులకి పిల్లల్లేరు. జూలో ఒక చూలు ఏనుగు గుండ్రంగా తిరుగుతుంటే చూసి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1999లో వీళ్లకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. నోబెల్ కాదు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకి ఇచ్చేది.

ఇండియానా రాష్ట్రంలో ఆల్ఫియస్ మైయర్స్ అనే డాక్టరు గారి సంగతి భోజనాల ముందు చెప్పకూడదు, త్వరగా చెప్పేస్తాను. 1854. పొట్టలో పెరిగే బద్దెపురుగుని పట్టే బోను. ముప్పావు అంగుళం డబ్బీ, లోపల ఎర, దానికో దారం. రోగిని కొన్ని రోజులు పస్తు పెట్టి డబ్బీ మింగిస్తారు. ఆకలేసిన పురుగు తల దూర్చగానే బోను పళ్లు పట్టుకుంటాయి, దారం లాగెయ్యడమే. స్ప్రింగు పురుగు తల తెగిపోయేంత గట్టిగా ఉండకూడదని జాగ్రత్త కూడా రాశాడు. అంతా బాగానే ఉంది కానీ బద్దెపురుగుకి నోరు లేదు. ఒంటి చర్మంతోనే ఆహారం పీల్చుకుంటుంది. నోరు లేనిదానికి ఎర!

ఇంతమందిలో నాకు ఇష్టుడు మాత్రం ఇంగ్లండులోని ఆర్థర్ పెడ్రిక్. ఈయన మామూలు మనిషి కాదు, అక్కడి పేటెంటాఫీసులో దరఖాస్తులు పరిశీలించి రిటైరైనాయన. ఇన్నాళ్లూ అందరివీ చదివాను, ఇప్పుడు నావి చదవండ్రా అనుకున్నాడేమో, 1962 నుంచి 1976లో పోయేదాకా 162 పేటెంట్లు తీసుకున్నాడు. అంటార్కిటికా నుంచి ఆస్ట్రేలియా ఎడారికి గొట్టం వేసి, మంచు ఉండలు దొర్లించి సాగునీరు ఇద్దామన్నాడు. అంటార్కిటికా పీఠభూమి ఎత్తుగా ఉంటుంది కాబట్టి వాటంతట అవే జారతాయని లెక్క. మన కృష్ణా కాలువల కింది రైతుకి చెబితే "చివరి భూములకి అందుతుందా" అని అడుగుతాడు. (నవ్వులు)

ఆయనకి జింజర్ అని ఒక పిల్లి ఉండేది, నారింజ రంగుది. పక్కింటివాళ్లది నల్లపిల్లి. పిల్లి వచ్చిపోవడానికి తలుపు కింద చిన్న రెక్క ఉంటుంది కదా, దాంట్లోంచి నల్లపిల్లి దూరి జింజర్ తిండి తినేస్తోంది. దానికి ఆయన రంగుని గుర్తుపట్టే రెక్క తలుపు తయారుచేశాడు. బొచ్చు మీంచి వచ్చే వెలుతురు నారింజ రంగైతే తెరుచుకుంటుంది, నలుపైతే తెరుచుకోదు. ఇంతవరకూ మనకీ పనికొచ్చేదే, పాలగిన్నె ఉన్న ఏ ఇంటికైనా. కానీ అదే పేటెంటులో ఇంకాస్త ముందుకెళ్లి, ఇదే పద్ధతితో భూమి చుట్టూ తిరిగే వెయ్యి మెగాటన్నుల బాంబు పెట్టొచ్చన్నాడు. ఏ దేశం ముందు అణ్వస్త్రం వదులుతుందో ఆ వెలుగుని గుర్తుపట్టి దాని మీదే పడుతుంది, ఆ భయంతో లోకం శాంతిగా ఉంటుంది. ఒకే దరఖాస్తు! పిల్లి తలుపూ ప్రపంచశాంతీ. నన్నడిగితే రెండింటికీ మూలం ఒకటే. పక్కింటిది మన గిన్నెలో మూతి పెట్టకూడదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అతితెలివి పేటెంట్లు. వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. నన్ను ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. అవి అందరికీ ముందే తెలిసినవాటికి ఇచ్చిన పేటెంట్లు.

2002లో అమెరికాలో ఉయ్యాల ఊగే పద్ధతికి పేటెంటు ఇచ్చారు. కనిపెట్టినవాడు ఐదేళ్ల పిల్లాడు, తండ్రి పేటెంట్ల లాయరు. ముందుకీ వెనక్కీ కాకుండా, ఒక గొలుసు తర్వాత ఇంకో గొలుసు లాగుతూ పక్కలకి ఊగాలి. కావాలంటే ఊగేటప్పుడు టార్జాన్‌లా అరవొచ్చని కూడా రాశారు. అట్లతద్దినాడు చింతచెట్టు కింద మన ఆడపిల్లలు ఎన్ని రకాలుగా ఊగారో, ఆ ఆఫీసు అల్మరాలో ఎక్కడా కాగితం లేదు. తర్వాత తిరగదోడి రద్దు చేశారు లెండి. ఆస్ట్రేలియాలో 2001లో ఒక లాయరు ఏకంగా చక్రానికే పేటెంటు తీసుకున్నాడు. అప్పుడే అక్కడ కొత్తగా పరీక్ష లేకుండానే ఇచ్చేసే పేటెంటొకటి పెట్టారు, దాని డొల్లతనం చూపించడానికే చేశాడు. ఆయనకీ, ఆ పేటెంటాఫీసుకీ కలిపి ఇగ్ నోబెల్ ఇచ్చారు.

ఇంకొకటి, 1999లో. అంచులు మూసేసిన శాండ్‌విచ్. వేరుశనగ వెన్న మధ్యలో పండ్ల జామ్ పెట్టి, రెండు రొట్టె ముక్కల అంచులు నొక్కి మూసెయ్యడం. అమ్మా, ఇక్కడ కజ్జికాయలు చేయనివాళ్లెవరైనా ఉన్నారా? (నవ్వులు) ఆ అంచు నొక్కడమే. దాని పరిధి ఇంకా పెంచమని 2005లో కోర్టుకెళ్తే, ఒక జడ్జిగారు మా ఆవిడ కూడా పిల్లవాడికి జామ్ కారకుండా ఇలాగే అంచులు నొక్కి ఇస్తుంది కదా అన్నారట. కోర్టు ఒప్పుకోలేదు.

ఇక పసుపు. మన పక్కనే దుగ్గిరాల పసుపు యార్డు ఉంది కాబట్టి ఇది మన ఊరి విషయమే. 1995లో అమెరికాలో మిసిసిప్పి విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద పేటెంటు వచ్చింది. దరఖాస్తు పెట్టిన పరిశోధకులిద్దరూ భారత మూలాలున్నవాళ్లే! వేలు తెగితే పరుగెత్తుకెళ్లి పోపులపెట్టె తీసే పని మనకి ఎవరు నేర్పారు? మా అమ్మమ్మ. కానీ అప్పటి అమెరికా చట్టం ప్రకారం, వేరే దేశంలో జనం వాడుకలో ఉందంటే చాలదు. అచ్చులో ఉండాలి. అమ్మమ్మ నోటిమాట లెక్కలోకి రాదు. అందుకే మన సీఎస్ఐఆర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు పాత సంస్కృత గ్రంథాల దగ్గర్నుంచి 1953 నాటి భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం దాకా 32 ఆధారాలు వెతికి పట్టుకెళ్లి పెట్టారు. 1997 ఆగస్టులో రద్దయింది. ఆలోచించండి, పసుపు గాయానికి మందని నిరూపించడానికి 32 కాగితాలు. ఆ తర్వాత మన ఆయుర్వేదం, యునానీ, సిద్ధ గ్రంథాల్లో ఉన్నవన్నీ ఐదు విదేశీ భాషల్లోకి మార్చి కంప్యూటర్లోకి ఎక్కించారు, ఆ ఆఫీసుల వాళ్లు చూసుకునేలా. వేపకీ ఇలాంటి పోరాటమే యూరప్‌లో జరిగి, అక్కడిచ్చిన పేటెంటు 2000లో రద్దు అయింది.

అదండీ. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: "సార్, ఒకసారి తిప్పితే కరెంటు లేకుండా ఎప్పటికీ ఆగకుండా తిరిగే చక్రం చేస్తే పేటెంటిస్తారా?")

ఇవ్వరు నాయనా. ఇందాక చెప్పిన ప్రకృతి సూత్రాల మాట అందుకే. అమెరికావాళ్లయితే అలాంటిదానికి పనిచేసే నమూనా పట్టుకురమ్మంటారు. నువ్వు తిరిగే చక్రం చేస్తే ముందు నాకు చూపించు. నేను ముప్పై ఏళ్లు తప్పు పాఠాలు చెప్పినట్టు లెక్క.

(ఒకావిడ: "మామూలు మనిషి దరఖాస్తు పెట్టాలంటే చాలా ఖర్చవుతుందాండీ?")

సొంతంగా ఆన్‌లైన్లో పెట్టుకుంటే దరఖాస్తుకి 1,600, పరిశీలించమని అడగడానికి 4,000 రూపాయలమ్మా. మన రెండు తెలుగు రాష్ట్రాలకీ చెన్నై ఆఫీసు. అసలు ఖర్చు ఆ దస్తావేజు భాష రాయించుకోవడంలో ఉంటుంది.

(వెనక నుంచి ఒకరు: "మీరేమైనా కనిపెట్టారా మాస్టారూ?")

అడుగుతారనుకున్నాను. మా ఆవిడ మూడో వరుసలో ఉంది, అబద్ధం చెప్పే వీల్లేదు. పెళ్లైన కొత్తలో పాలు పొంగిపోకుండా ఒక యంత్రం చేశాను. గిన్నెలో తేలే రేకు బిళ్ల, దానికి తీగ, రెండు టార్చిలైటు బ్యాటరీలు, ఒక కాలింగ్ బెల్లు. పాలు పైకి రాగానే బిళ్ల లేచి తీగ తగిలి బెల్లు మోగాలి. మొదటి రోజు పాలు పొంగాయి. నురగకి బిళ్లని ఎత్తే బలం లేదు, అది నురగ అడుగునే ఉండిపోయింది. పాలు పొయ్యి మీదికి కారి, అక్కడ వేలాడుతున్న తీగలకి తగిలి, అప్పుడు మోగింది బెల్లు. ఆవిడ వంటింట్లోకి వచ్చి చూసి, "పాలు పోయాయని చెప్పడానికి గంటెందుకండీ, ఆ సంగతి మాడు వాసనే చెబుతుందిగా" అంది. మర్నాటి నుంచి గిన్నె మీద చెక్క తెడ్డు అడ్డంగా పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే. బెల్లు మాత్రం వృథా కాలేదు, వీధి గుమ్మానికి బిగించాం. మొన్న సంక్రాంతికి కూడా మోగింది.